రెండో కుర్చీలో దగ్గు

తాళంచెవులు చేసే ఆయన కొట్టుకీ, జిరాక్స్ షాపుకీ మధ్య ఉన్న ఆ పాదాల క్లినిక్‌కి బోర్డు మీద ఏదో పెద్ద పేరే ఉంది. ఆ పేరుతో పిలిచినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అందరికీ అది కోడళ్ళ క్లినిక్. ఒకే ఇంటి కోడళ్ళిద్దరు పక్కపక్కన ముక్కాలిపీటలు వేసుకుని, వచ్చినవాళ్ళ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని బాగుచేస్తుంటే ఇంకేమని పిలుస్తారు మరి! తోటికోడళ్ళు ఒక వంటింట్లో ఒక పూట గడిపితేనే గొప్ప అనుకునే లోకంలో, వీళ్ళిద్దరూ ఒకే గదిలో పద్దెనిమిదేళ్ళు నెట్టుకొచ్చారు. చెప్పొద్దూ, పోట్లాటలు ఉండేవి. అవి టీ చల్లారేలోపు అయిపోయేవి.

పెద్దకోడలిది గోళ్ళ పని. వయసు మీదపడి, ఫంగస్ పట్టి, తాబేటి డిప్పల్లా లావెక్కిన గోళ్ళను చిన్న డ్రిల్లుతో అరగదీసి పల్చన చెయ్యడం. చిన్నకోడలిది బ్లేడు పని. ఆనెకాయలు, పగుళ్ళు, రాయిలా గట్టిపడ్డ మడమలు, మానని పుళ్ళకి కట్లు. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు.

పెద్దకోడలు చేత్తో కాదు, చెవితో పనిచేస్తుందనేవారు. నిజమే. లావు గోరు మీద డ్రిల్లు బొంగురుగా మోగుతుంది. గోరు పల్చబడేకొద్దీ గొంతు సన్నబడుతుంది. ఇంకో వెంట్రుకవాసి అరిగితే పచ్చి మాంసం తగులుతుందనగా ఒక చిన్న కీచు వస్తుంది. పక్కన కూచున్నవాళ్ళకి కూడా తెలియదు. అది వినపడగానే ఆవిడ చెయ్యి దానంతటదే పైకి లేచిపోతుంది. "ఇరవై ఆరేళ్ళలో ఒక్క చుక్క నెత్తురు కళ్ళజూడలేదు" అని ఆవిడ నలుగురిలో అనేది. అందులో కాస్త అబద్ధం ఉంది. మొదటి ఏడాది ఒకసారి చూసింది.

అప్పుడు ఆవిడ ఒక పెద్దాసుపత్రిలో పని నేర్చుకుంటోంది. షుగరున్న ఒక వాచ్‌మన్ బొటనవేలి గోరు అరగదీస్తూ పక్కవాళ్ళ కబుర్లలో పడింది. డ్రిల్లు ఓ రవ్వ లోపలికి దిగింది. షుగరు ముదిరిన కాళ్ళకి స్పర్శ ఉండదు కదా, ఆయనకి తెలియనే లేదు. కట్టు కట్టించుకుని, నవ్వుతూ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మూడు వారాలకి ఆ వేలు తీసేశారు. ఆవిడ ఏడుస్తూ వెళ్తే ఆయనే ఊరుకోబెట్టాడు. "నాకే తెలియలేదు, నీకేం తెలుస్తుంది తల్లీ" అన్నాడు. తిట్టినా బాగుండేది. నొప్పి చెప్పలేని కాళ్ళ తరఫున ఇకనుంచి నేనే వింటాను అని ఆవిడ ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

అందుకే కోడళ్ళ క్లినిక్ గదిలో రేడియో ఉండదు. ఫోన్లు మోగవు. పేషెంట్లు ఆవిడ ముందున్న మొదటి కుర్చీలో కూచుంటే నోరు మూసుకునే కూచోవాలి.

అందుకే నాలుగేళ్ళ క్రితం తనిఖీవాళ్ళు తప్పనిసరి అంటే కొన్న దుమ్ము పీల్చే మెషిన్ కూడా ఆవిడకి గిట్టలేదు. అది వేస్తే గదిలోకి లారీ వచ్చి నిలబడ్డట్టుండేది. డ్రిల్లు గొంతు ఆ హోరులో మునిగిపోయేది. రెండ్రోజులు వాడి, ప్లగ్గు పీకి, ప్లాస్టిక్ కవరు తొడిగి మూలన నిలబెట్టింది. తనిఖీకి వచ్చే ఆవిడ మెట్ల దగ్గర కనపడగానే కవరు తీసేది, టీ తాగి వెళ్ళగానే తొడిగేది. "వాడదాం అక్కా" అని చిన్నకోడలు ఏడాదికోసారి చొప్పున మూడుసార్లు అడిగింది. "అది వేస్తే నేను చెవిటిదాన్నే. ఎవరి వేలు పోతే ఎవరు జవాబు చెప్తారు?" అని పెద్దకోడలు ఆ మాటని అక్కడే తుంచేసింది.

దుమ్ముకి ఆవిడ సొంత ఏర్పాటు ఆవిడకుంది. ఎడమ భుజం వెనక, అలమరా మీద ఒక చిన్న టేబుల్ ఫ్యాను. అటూ ఇటూ తిరగకుండా దాని మెడకో గుడ్డపీలిక కట్టేసింది. ఆ గాలికి గోళ్ళ పొడి ఆవిడ ముఖం మీదా పేషెంటు ముఖం మీదా పడకుండా తిన్నగా ఎదుటి కిటికీలోంచి బయటికి పోయేది. మంచి ఏర్పాటే. కాకపోతే మూడేళ్ళ క్రితం ఆ కిటికీకి ఎదురుగా బైకులు బాగుచేసే షెడ్డొకటి వెలిసింది. ఆ రొదకి డ్రిల్లు వినపడటం లేదని పెద్దకోడలే కిటికీ మూసి బోల్టు బిగించింది. ఫ్యాను సంగతి ఎవరికీ తట్టలేదు. అది ఎప్పటిలాగే మూసిన కిటికీ వైపే ఊదుతూ ఉంది. ఫ్యానుకీ కిటికీకీ మధ్య రెండో కుర్చీ ఉంది, దాని ముందు చిన్నకోడలు ఉంది.

మాస్కు సంగతి కూడా చెప్పాలి. చిన్నకోడలు మొదట్లో పెట్టుకునేది. ఆవిడ పేషెంట్లలో సగం మంది చెవులు సరిగా వినపడని ముసలివాళ్ళు. మాస్కులోంచి మాట్లాడితే "ఆఁ? ఏంటమ్మా?" అని పదిసార్లు అరిచేవాళ్ళు. ఆ అరుపులు పెద్దకోడలి చెవికి అడ్డం. ఒకరోజు విసుగొచ్చి, "దుమ్ము నాకు గానీ నీకేముందే? బ్లేడు పనేగా! తీసి అవతల పడెయ్" అంది. చిన్నకోడలు తీసేసింది. పెద్దకోడలు మాత్రం రోజూ మాస్కు కట్టుకునే కూచునేది.

ఈ పనిలో ఒంటి నొప్పులకి కొదవ లేదు. గంటల తరబడి వంగి వంగి పెద్దకోడలి మెడ ఎడమవైపుకి సగమే తిరుగుతుంది. చిన్నకోడలి కుడి మణికట్టు పొద్దున్నే చెంబుడు నీళ్ళు కూడా ఎత్తదు. ఎవరో ఒకరు నడుం పట్టుకుని లేస్తుంటే రెండోవాళ్ళు నవ్వేవారు. అందుకని చలికాలంలో మొదలైన చిన్నకోడలి దగ్గుని కూడా ఆ జాబితాలోనే కలిపేశారు. గాలి మార్పన్నారు, నీళ్ళు పడలేదన్నారు. ఎండలు వచ్చినా తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఛాతీలో పిల్లికూతలు, మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో కూచుండిపోవడం. ఒకరోజు చేతిలో బ్లేడు ఉండగా దగ్గు తెర వచ్చి తన వేలే కోసుకుంది. అప్పుడు పెద్దకోడలు భయపడి, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తనే బయలుదేరదీసింది.

బయలుదేరే సమయానికి ఆ ఏడాది మొదటి వాన అందుకుంది. రెండో కుర్చీ వెనక మేకుకి నల్ల గొడుగు వేలాడుతోంది. కిందటి వానలకి తగిలించిందే, మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. పెద్దకోడలు దాన్ని అందుకుంది. గొడుగు నల్లగా లేదు, బూడిదరంగులో ఉంది. గుమ్మంలో నిలబడి టప్పున తెరిచింది. మడతల్లోంచి తెల్లటి పొడి ఇద్దరి మీదా జల్లున రాలింది. చిన్నకోడలు గోడ పట్టుకుని, కళ్ళు ఎర్రబడేదాకా దగ్గింది.

పెద్దకోడలు తన చీర మీద పడిన పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. మెత్తగా, జిడ్డు లేకుండా, కాస్త పసుపుపచ్చగా ఉంది. పిండిమర ఆయనకి పిండి ఎలా తెలుస్తుందో ఆవిడకి అది అలా తెలుసు. ఫ్యాను వైపు చూసింది. మూసిన కిటికీ వైపు చూసింది.

"ఏంటక్కా అది? సున్నమా?" అంది చిన్నకోడలు ఊపిరి తీసుకుని.

"పద, టైమవుతోంది" అంది పెద్దకోడలు.

డాక్టరు నిదానం మనిషి. గొట్టంలోకి ఊదించాడు, వీపు మీద తట్టి చూశాడు, ఫొటో తీయించాడు. "ఇల్లు వదిలి ఎక్కడికైనా వెళ్ళినప్పుడు దగ్గు ఎలా ఉంటోందమ్మా?" అని అడిగాడు.

"మొన్న మా చెల్లెలింట్లో పదిరోజులున్నానండి. అసలు లేదు. తిరిగొచ్చిన రెండోరోజుకే మళ్ళీ మొదలు."

"ఏం పని చేస్తారు? దుమ్మేమైనా ఉంటుందా?"

"కాళ్ళకి వైద్యం చేస్తామండి. నాది బ్లేడు పని, దుమ్మేమీ ఉండదు. దుమ్మంతా మా అక్కది. ఆవిడ చూడండి, గుండ్రాయిలా ఉంది" అని చిన్నకోడలు నవ్వబోయి దగ్గింది.

"అయితే ఇంట్లోనే ఏదో ఉంది. పిల్లినేమైనా పెంచుతున్నారా?"

చిన్నకోడలి ముఖం వాడిపోయింది. పిల్లి ఉంది. తొమ్మిదేళ్ళ నుంచీ ఆవిడ మంచం మీదే పడుకుంటుంది. పిల్లలు లేని ఆవిడకి అదంటే ప్రాణం. "దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యండి. రెండు నెలల్లో తేడా తెలుస్తుంది" అంటూ డాక్టరు కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు.

దాచడమెందుకు, పెద్దకోడలి ప్రాణం ఒక్క క్షణం కుదుటపడింది. నెపం పిల్లి మీదికి పోయింది. గొడుగు కడిగేస్తే సరి, ఫ్యాను మెడ ఇటు తిప్పేస్తే సరి, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆవిడకి ఒళ్ళు కంపరమెత్తింది. గది మూలన గొడుగులోంచి బూడిదరంగు నీళ్ళు కారుతున్నాయి. పక్కన తోటికోడలు చీరకొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"పిల్లి కాదు డాక్టరుగారూ. గోళ్ళ పొడి. అది మా గదిలోనే ఉంది. మూడేళ్ళ నుంచి నా ఫ్యాను దీని ముఖం మీదికే ఊదుతోంది" అంది పెద్దకోడలు.

డాక్టరు రాసింది కొట్టేశాడు. చాలా ప్రశ్నలు అడిగాడు, అన్నిటికీ పెద్దకోడలే జవాబు చెప్పింది. చివరికి ఆయన చెప్పింది ఇంతే. ఆరు వారాలు ఆ గది గుమ్మం తొక్కకూడదు, మందు పీల్చాలి, మళ్ళీ ఊది చూడాలి. ఇప్పుడు ఆపితే ఊపిరి చాలావరకు వెనక్కొస్తుంది. ఆ దుమ్ములోనే ఇంకా కూచుంటే పోయింది పోయినట్టే. "మీకూ పరీక్ష చెయ్యాలి" అన్నాడు పెద్దకోడలితో. ఆవిడ ఆ మాట విననట్టే లేచింది.

బస్సు స్టాపులో రేకు కప్పు మీద వాన దంచుతోంది. చిన్నకోడలు రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"మాస్కు తీసెయ్యమన్నది ఎవరక్కా?"

"నేనే."

"మెషిన్‌కి కవరు తొడిగింది?"

"నేనే."

"కిటికీ?"

పెద్దకోడలు తల ఊపింది.

"ఊళ్ళోవాళ్ళ గోళ్ళు ఏమంటున్నాయో అన్నీ వింటావు. పక్కన కూచుని ఆర్నెల్లు దగ్గాను. నీకు వినపడలేదా?" అంది చిన్నకోడలు. ఈసారి వచ్చింది దగ్గు కాదు, ఏడుపు. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ అక్క మీద అంతగా మండిపడింది అదే మొదలు.

పెద్దకోడలు అనాల్సింది ఒక్క మాటే, ఆ మాట ఏమిటో ఆవిడకి తెలుసు. గొంతుదాకా వచ్చింది, బయటికి రాలేదు. ఆ ఇంట్లో పెద్దకోడలు తప్పు నాదని అనగా విన్నవాళ్ళు లేరు. కూర మాడితే పొయ్యిది తప్పు, బస్సు తప్పిపోతే బస్సుది తప్పు. అలా అలవాటైన నోరు పెగలదు, ఏం చెయ్యాలి.

ఆ రోజు నుంచి చిన్నకోడలు మాట్లాడటం మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ, "మీ వదిననడుగు", "మీ వదినకి చెప్పు" అని మొగుడి చేత రాయబారాలు నడిపింది. వాళ్ళాయన నోరు పెద్దదే గానీ మనసు మెత్తన. ఇద్దరి మధ్యా నలిగి సగమయ్యాడు.

క్లినిక్‌లో పెద్దకోడలు ఫ్యాను తీసి తాళాల ఆయనకిచ్చేసింది. కిటికీ బోల్టు ఊడదీసింది. గోడలూ అలమరాలూ తడిగుడ్డతో నాలుగుసార్లు తుడిచింది. బకెట్టు నీళ్ళు మారిన ప్రతిసారీ ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత మెషిన్‌కి కవరు తీసి, ప్లగ్గు పెట్టి, స్విచ్ నొక్కింది. హోరుమంది. పైగా ఎదురుగా బైకుల షెడ్డు రొద ఒకటి. డ్రిల్లు తన చేతిలో తిరుగుతోందని కంటికి తెలుస్తోంది, చెవికి తెలియడం లేదు. మొదటి కుర్చీలో షుగరు పేషెంటు కాలు చాపి కూచున్నాడు. ఆవిడ డ్రిల్లు కింద పెట్టేసింది. "క్షమించండి, ఇవాళ కుదరదు" అంది. ఆ వారమంతా షుగరు కాళ్ళన్నిటినీ అలాగే తిప్పి పంపేసింది.

విషయం విని మరిది వచ్చాడు. వచ్చి మొదటి కుర్చీలో కూలబడి, కుడికాలు చాపాడు. గ్యాసు సిలిండరు పడి ఏళ్ళ క్రితం నలిగిన బొటనవేలు, దాని మీద రొట్టెముక్కంత మందాన గోరు.

"మీతో మాట్లాడొద్దంది మా ఆవిడ. కాలు ఇవ్వొద్దని మాత్రం అనలేదు వదినా. నాకు షుగరు లేదు, నొప్పి బ్రహ్మాండంగా తెలుస్తుంది. తగలగానే అరుస్తాను. నేర్చుకోండి."

ఆవిడ నేర్చుకుంది. మొదటిరోజే నెత్తురొచ్చింది. మరిది "అమ్మో!" అని వేసిన కేకకి జిరాక్స్ షాపులోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. గోరు అంచున ఎర్రగా ఒక చుక్క. దాన్ని దూదితో అద్దుతుంటే ఆవిడ కళ్ళు నిండాయి. ఆవిడకి వాచ్‌మన్ నవ్వు గుర్తొచ్చింది.

"ఏడవకండి వదినా, కాలు నాది" అన్నాడు మరిది.

వారం ఆగి రెండో కాలు ఇచ్చాడు. తర్వాత తాళాల ఆయనా, పాపం, తన రెండు కాళ్ళూ ఇచ్చాడు. నెమ్మదిగా పెద్దకోడలి ఎడమచేతి బొటనవేలికి కొత్త విద్య పట్టుబడింది. దాన్ని పేషెంటు కాలివేలి కింద ఆనించి ఉంచితే, గోరు లావుగా ఉన్నప్పుడు వణుకు మొద్దుగా తగులుతుంది, పల్చబడేకొద్దీ చురుగ్గా తగులుతుంది, కాస్త వెచ్చనవుతుంది. చెవికి తెలిసినంత కచ్చితంగా తెలియదు. చెవి వెంట్రుకవాసి దాకా తీసుకెళ్ళేది, వేలు బియ్యపుగింజంత దూరంలోనే ఆపేస్తుంది. దాన్ని ఒప్పుకోవడమే ఆవిడకి అన్నిటికన్నా కష్టమైంది.

ఆరు వారాలు నిండిన మర్నాడు, పొద్దున పదిగంటలకి, మొదటి కుర్చీలో రిటైరైన లెక్కల టీచరు కూచుని ఉంది. పదిహేనేళ్ళ షుగరు. పాదం మీద పెన్నుతో గీసినా తెలియని మనిషి. మెషిన్ హోరుమంటోంది. పెద్దకోడలు కళ్ళద్దాల మీద ఇంకో అద్దం, ముక్కుకి మాస్కు కట్టుకుని వంగి ఉంది. గోరు మూడొంతులు తగ్గింది. వేలి కింద వణుకు చురుగ్గా మారింది. ఇంకొంచెం ఉంది. పూర్వమైతే ఆ కొంచెమూ తీసి, అద్దంలా చేసి పంపేది. ఒక్క నిమిషం మెషిన్ ఆపితే చాలు, కీచు వినపడుతుంది. ఒక్క నిమిషమే కదా, గదిలో ఇంకెవరూ లేరు కదా. చెయ్యి స్విచ్ దాకా వెళ్ళింది.

అక్కడే ఆగింది. వెనక్కొచ్చి డ్రిల్లుని పళ్ళెంలో పెట్టింది.

"ఇవాళ్టికి ఇంతే టీచరుగారూ! కాస్త లావుగానే ఉంటుంది! మిగతాది వచ్చే నెల!" అని గట్టిగా అరిచింది.

"మీరు కూడా సగంలో వదిలేస్తారా!" అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

"ఇకనుంచి వదిలేస్తాను!"

టీచరు చూపు గుమ్మం వైపు పోయింది. పెద్దకోడలు మెడ తిరిగినంతవరకు తిప్పి చూసింది. గుమ్మంలో చిన్నకోడలు. ఎప్పటినుంచి నిలబడిందో ఏమో, ఆ హోరులో చెప్పుల చప్పుడు ఎవరికి వినపడుతుంది! కాస్త ఒళ్ళు చేసింది. ముక్కుకి మాస్కు ఉంది, చేతిలో డాక్టరు కాగితం ఉంది.

"రోజుకి రెండు గంటలు చేసి చూడమన్నాడు! కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని, మెషిన్ ఆడుతుంటే! మెషిన్ ఆగితే ఈ గుమ్మంలోకి రావద్దన్నాడు!" అని అక్కడినుంచే కేకేసింది. ఆరు వారాల తర్వాత నేరుగా ఆడిన మొదటి మాటలు అవి.

పెద్దకోడలు లేచి నిలబడింది. అప్పుడొచ్చింది ఆ మాట, బస్సు స్టాపులో రానిది. పెదాల దాకా వచ్చింది. ఇలాంటి మాట దగ్గరకెళ్ళి, నెమ్మదిగా, చెవిలో చెప్పాల్సింది కదా. అలవాటుగా చెయ్యి స్విచ్ వైపు చాపింది.

చిన్నకోడలు రెండంగల్లో వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆపకు! ఏం చెప్పాలనుకున్నావో ఇలాగే చెప్పు!"

పెద్దకోడలు అనబోయింది. మాస్కులో, హోరులో అది పెదాల కదలికై పోయింది.

"ఆఁ? ఏంటక్కా?" అంది చిన్నకోడలు, తన ముసలి పేషెంట్లలాగే.

"తప్పు నాది!" అని అరిచింది పెద్దకోడలు. పద్దెనిమిదేళ్ళు నిశ్శబ్దంగా ఉంచిన గదిలో గొంతు చించుకుని అరిచింది. "నీ దగ్గు నాకు రోజూ వినపడింది! పనికి అడ్డమని విసుక్కున్నానే గానీ ఎందుకొస్తోందో అడగలేదు! తప్పు నాదేనే!"

తాళాల ఆయన తల లోపలికి పెట్టి చూశాడు. ఎదుటి షెడ్డులో ఎవరో బైకు ఇంజను ఆపి నిలబడ్డారు. లెక్కల టీచరు కుర్చీలో కదలకుండా కూచుంది. పెద్దకోడలి కళ్ళద్దాలు ఆవిరి పట్టిపోయాయి.

చిన్నకోడలు ఆ చెయ్యి ఇంకాసేపు వదల్లేదు. తర్వాత వదిలేసి, తన ముక్కాలిపీట లాక్కుని, రెండో కుర్చీ ముందు కూచుంది.

"వినపడింది!" అని అరిచి, బ్లేడు పళ్ళెం దగ్గరికి జరుపుకుంది.